పహిల్వాన్ కేక పూర్తి కాకముందే

మా పుట్టింట్లో ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు మాట్లాడేవారు కాదు. అలా ఉండాలని ఎవరూ చెప్పలేదు, అలాగే ఉండేవాళ్లం. నాన్న ఒక సంగతి మొదలుపెడితే, అది భీమవరం బస్సు దగ్గర మొదలై, తాతగారి పొలం మీదుగా, ఎవరిదో పెళ్లిలో వంటలు బాగోలేని సంగతి మీదుగా తిరిగి మళ్లీ ఆ బస్సు దగ్గరికే చేరినా సరే, అందరం చివరిదాకా వినేవాళ్లం. ఆయన ఆగాక ఒక గుక్క నీళ్లు తాగేంతసేపు ఊరుకుని, అప్పుడు అమ్మ "అది కాదండీ" అని మొదలుపెట్టేది. ఆ ఒక్క "అది కాదండీ" కోసం అమ్మ ఒక్కోసారి అరగంట కాచుకునేది. నేను మా అమ్మ కూతుర్ని.

అలాంటి నన్ను తెచ్చి సైదాబాద్‌లో అత్తగారింట్లో పడేశారు. పడేశారనడం అన్యాయమే, నేనే ఇష్టపడి చేసుకున్నాను. మా ఆయన వాళ్లది నల్గొండ వైపు పల్లె. ఆ ఇంట్లో నలుగురు కూర్చుంటే నలుగురూ ఒకేసారి మాట్లాడతారు. ఒకరు మొదలుపెట్టిన మాట రెండోవారు ముగిస్తారు, ఆ ముగించింది తప్పని మూడోవారంటారు, ఈలోగా మొదటివారు ఇంకో సంగతిలో ఉంటారు. అయినా ఎవరి మాటా ఎవరికీ వినబడకుండా పోదు. నాకు ఇప్పటికీ అర్థం కానిది అదే. పెళ్లయిన కొత్తలో వాళ్ల మాటల మధ్య ఖాళీ ఎక్కడైనా దొరుకుతుందేమోనని చూస్తూ కూర్చునేదాన్ని, దిల్‌సుఖ్‌నగర్‌లో రోడ్డు దాటడానికి నిలబడ్డ కొత్త మనిషిలాగా. దొరికేది కాదు. అత్తయ్య చుట్టాలందరికీ "మా కోడలు మంచిది, నోట్లె నాలిక లేదు" అని చెప్పుకునేది. అది మెచ్చుకోలో జాలో ఏడేళ్లయినా నాకు తేలలేదు.

విచిత్రమేమిటంటే, నేను జీతం తీసుకునేదే మాట్లాడినందుకు. చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్‌లో కెమిస్ట్రీ చెబుతాను. రోజుకు ఐదు గంటలు గుక్క తిప్పుకోకుండా మాట్లాడతాను, ఎవరూ ఆపరు. ఆపకూడదని అక్కడ రూలు, సిలబస్ వెనకబడిపోతుందట. సందేహాలుంటే కాగితం మీద రాసి గోడకున్న డబ్బాలో వెయ్యాలి. ఆ డబ్బా తాళంచెవి ఎవరి దగ్గరుందో నాకు తెలియదు. వెనక బెంచీలో ఏదో ఒక పిల్ల అడగబోయి నోరు తెరిచి, మళ్లీ మూసేసుకోవడం చూసినప్పుడల్లా నా మీద నాకే కోపం వచ్చేది.

అందుకే మా ఇంటి కింద రోడ్డు వైపున్న షట్టర్ గది ఖాళీ అయిన రోజు నుంచి నాకొక కోరిక పట్టుకుంది. అందులో పది పన్నెండు మంది పిల్లల్ని కూర్చోబెట్టుకుని ట్యూషన్ చెప్పాలి. మధ్యలో ఆపి ఎన్ని ప్రశ్నలైనా అడగనివ్వాలి. ఆవేశపడి పాఠం రాసే బోర్డు కూడా ఒకటి కొనేశాను. ఎవరూ చూడకుండా తెచ్చి, ఆ గదిలో పడున్న పాత మంచం వెనక దాచాను. ఇక మిగిలింది ఇంట్లో చెప్పడమే. ఆ ఒక్క మాట చెప్పే సందు కోసం మొత్తం నాలుగు నెలలు చూశాను. మా ఆయనకొక్కరికే చెప్పాను. ఆయన "నేను చెప్తే నా ముచ్చట అనుకుంటరు, నువ్వే చెప్పు" అని తప్పుకున్నారు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. నిజమే, కానీ అడగాలంటే ముందు ఆ అమ్మ మాట ఆపాలి కదా.

బోర్డు తెచ్చిన కొన్నాళ్లకే అత్తయ్య కూరగాయల సంతలో తడినేల మీద జారిపడి కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరగ్గొట్టుకుంది. ఆరు వారాలు కట్టు. కట్టు విప్పేసరికి వేళ్లు బిగుసుకుపోయాయి. ఎల్‌బీ నగర్‌లో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఒక రబ్బరు బంతి ఇచ్చి రోజూ పిసుకుతూ ఉండమంది. అత్తయ్య రెండు రోజులు పిసికి దాన్ని అటక మీదికి విసిరేసింది. పిండి పిసికితే రొట్టెన్నా అవుతుంది, దీన్ని పిసికితే ఏమవుతుందని ఆమె ప్రశ్న. మా దగ్గర జవాబు లేదు.

జవాబు పుణెలో ఉద్యోగం చేస్తున్న మా మరిది దగ్గర దొరికింది. వెళ్లేటప్పుడు అతను తన వీడియో గేమ్ పెట్టెను టీవీ కిందే వదిలి వెళ్లాడు. అమ్మ చేతికి ఆ రిమోట్ ఇవ్వండి, బొటనవేళ్లు వాటంతటవే కదులుతాయి అని ఫోన్‌లో సలహా ఇచ్చాడు. అందరం నవ్వాం. వారం తిరిగేసరికి అత్తయ్య సీరియల్ చూడడం మానేసింది. ఇంకో వారానికి, నేను సాయంత్రం కోచింగ్ నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే, రెండో రిమోట్ నా చేతిలో పెట్టి పక్కన కూర్చోమంది. ఒక్కదాన్నే కొట్టుకుంటే మజా లేదంది. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అన్న సామెత కట్టినవాళ్లు ఆ సాయంత్రాలు మా హాల్లోకి వచ్చి ఉంటే ఏమనుకునేవారో. అత్తాకోడళ్లం కూడబలుక్కుని ఎదుటివాణ్ని చితకబాదుతున్నాం.

చితకబాదుతున్నామని చెప్పుకోవడమే కానీ, మొదట్లో చావుదెబ్బలు తిన్నది మేమే. అది ఇద్దరితో ఇద్దరు కొట్టుకునే ఆట, ఎదుటి జట్టుని గేమే ఆడిస్తుంది. ఒక్కో జట్టు నుంచి ఒక్కరే బరిలో ఉంటారు, రెండోవారు బయట ఎదురుచూస్తుంటారు. తెర అడుగున జట్టు మొత్తానికి ఒకే గీత ఉంటుంది. దెబ్బలాడేకొద్దీ అది నిండుతుంది. సగం నిండితే ఒకరి పెద్ద దెబ్బకి, పూర్తిగా నిండితే ఇద్దరి దెబ్బలకీ సరిపోతుంది; రెండు బటన్లు కలిపి ఒత్తితే ఆ దెబ్బ పడుతుంది. అత్తయ్య ఒక బానపొట్ట పహిల్వాన్ని ఎంచుకుంది. ఆమె పెద్ద దెబ్బ వదిలిందంటే వాడు ఇల్లదిరేలా ఒక కేక పెట్టి, ఎదుటివాణ్ని పట్టుకుని ఎనిమిదిసార్లు నేలకేసి కొడతాడు. నాది బాణాలు వేసే బక్కపిల్ల. నా పెద్ద దెబ్బకి బాణాల వాన కురుస్తుంది.

అసలు కిటుకు ఈ రెండు దెబ్బల్నీ ముడివెయ్యడంలో ఉంది. పహిల్వాన్ ఇంకా కొడుతుండగానే నేను నా బటన్లు ఒత్తాలి. ఒత్తిన క్షణమే వాడు బరి వదిలిపోతాడు, నా పిల్ల వాడి చోట్లోకి దూకుతుంది, ఎదుటివాడికి కాళ్లు నేలకి ఆనే లోపే బాణాలు పడతాయి. మరీ తొందరపడి ఒత్తితే పహిల్వాన్ దెబ్బల్లో సగం దండగ. ఆలస్యంగా ఒత్తితే ఎదుటివాడు లేచి చేతులు అడ్డం పెట్టేసుకుంటాడు, నా బాణాలు గాలిలో పోతాయి. ఎనిమిది దెబ్బల్లో ఆరోది పడి ఏడోది పడబోతుండగా ఒత్తాలి. మరిది ఇదంతా ఓపిగ్గా చెప్పి, అమ్మది ఇంకా అయిపోలేదు అనిపించినప్పుడే ఒత్తు వదినా అన్నాడు.

ఆ అనిపించినప్పుడే నా వేలు కదిలేది కాదు. పహిల్వాన్ కేక పెడుతుంటే మధ్యలో ఎలా దూకడం? పైగా వాడు అత్తయ్య పహిల్వాను. వాడు ఎనిమిది దెబ్బలూ కొట్టి, చేతులు దులుపుకుని, మీసం తిప్పి ఊపిరి పీల్చుకునేదాకా వేచి ఉండి, అప్పుడు ఒత్తేదాన్ని. ఆపాటికి ఎదుటివాడు లేచి నిలబడి నా కోసమే చూస్తుండేవాడు. రెండు వారాలు వరసగా ఓడిపోయాం. ఒకరోజు ఆటలో లీనమైపోయి, "కానివ్వండి అత్తయ్యా, ముందు మీది అవ్వనివ్వండి" అని పైకే అనేశాను. అత్తయ్య రిమోట్ ఒళ్లో పడేసుకుని కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది.

"మీ గోదావరి మర్యాద వాడికేమెరుక బిడ్డా? నువ్వు ఆగినంతసేపు వాడు లేసి మన ఈపు పగలగొడుతుండు."

ఆ సంగతి అక్కడితో ఆగలేదు. పుణెకి వెళ్లింది, చంపాపేట్‌లో ఉన్న చిన్నత్తకి వెళ్లింది, ఫిజియోథెరపీకి వచ్చే మోకాళ్ల నొప్పుల వాళ్లందరికీ వెళ్లింది. మామయ్య జీవితమంతా బస్సు నడిపి రిటైరైన మనిషి, ఇంట్లో అందరికన్నా తక్కువ మాట్లాడేది ఆయనే. ఆయన కూడా భోజనాల దగ్గర ఏదో ఒకటి చెప్పడం ముగించి, నా వైపు తిరిగి, "నాదైపోయిందమ్మా, ఇగ నువ్వు ఒత్తు" అనడం మొదలుపెట్టారు. నేను ఉడుక్కునేదాన్ని. కానీ ఒక్కమాట ఒప్పుకోవాలి, ఏడేళ్లలో ఆ ఇంట్లో నాకు మాట్లాడే వంతు ఇచ్చింది ఆ వేళాకోళమే. ఆ వంతు వచ్చినప్పుడు మాత్రం పప్పు బాగుందనో, ఉప్పు తక్కువైందనో అనేసి ఊరుకునేదాన్ని. షట్టర్ సంగతి గొంతు దాకా వచ్చి ఆగిపోయేది.

చివరికి ఒకరోజు సరిగ్గా ఒత్తాను. ఏడో దెబ్బకి పహిల్వాన్ చెయ్యి ఎత్తాడు, నేను కళ్లు మూసుకుని ఒత్తేశాను. నా పిల్ల దూకింది, బాణాలు కురిశాయి, ఎదుటివాడు లేవలేదు. గెలిచామని నేను అత్తయ్య వైపు తిరిగితే ఆమె మొహం మాడ్చుకుని ఉంది. ఏడోది, ఎనిమిదోది పడలేదట. ఎనిమిదో దెబ్బకి పహిల్వాన్ ఎదుటివాణ్ని నెత్తి మీదికెత్తి గిరగిరా తిప్పుతాడు, ఆమెకి ఇష్టమైంది అదే. ఆమెది సగంలో ఆపేసి గెలిచిన గెలుపు నాదే తప్ప ఆమెది కాదట. మూడు రోజులు నన్ను సందు పట్టనివ్వలేదు. తన పెద్ద దెబ్బ పడుతుండగా నేనెక్కడ ఒత్తుతానో అని, గీత ఒకరి దెబ్బకి సరిపడా నిండగానే వాడేసేది. మళ్లీ ఓడిపోవడం మొదలుపెట్టాం, ఈసారి తప్పు నాది కాదు.

నాలుగో రోజు నాకు ఎక్కడిదో ధైర్యం వచ్చింది. తప్పుకోవడం కూడా ఆటలో భాగమే కదండీ అత్తయ్యా అన్నాను. ఆ ఇంట్లో నేను వేసిన మొదటి చురక అది. అత్తయ్య తెర మీదే కళ్లు పెట్టి జవాబిచ్చింది. ఆమె గొంతులో వేళాకోళం లేదు.

"తప్పుకునుడు నాకెవలు నేర్పలే బిడ్డా. ఈ ఇంట్ల ఏది మొదలువెట్టినా ముగించింది గూడ నేనే. నడుమల ఒచ్చి అందుకున్నోళ్లు లేకుండిరి."

చిన్నబుచ్చుకుని ఉంటుందని భయపడ్డాను. ఆమె మాత్రం రిమోట్ సర్దుకుని ఇంకో ఆట పెట్టమంది. ఆ సాయంత్రం పహిల్వాన్ కేక పెట్టగానే నా మోకాలి మీద మోచేత్తో చిన్నగా పొడిచింది, ఇప్పుడు ఒత్తమని. తర్వాత కొన్నాళ్లకి పొడవాల్సిన అవసరం కూడా లేకపోయింది. ఒక ఆదివారం పుణె నుంచి మరిది, అతని గదిలో ఉండే స్నేహితుడు కలిసి మాతో ఆడితే వాళ్లని మూడుసార్లు ఓడించాం. మరిది నెట్ సరిగ్గా లేదన్నాడు. ఓడినవాళ్ల నెట్ ఎప్పుడూ సరిగ్గా ఉండదు.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున ఎల్‌బీ నగర్ నుంచి పెద్దమామయ్య వచ్చారు. మామయ్యకి సొంత అన్న. ఆయన చేతిలో ఒక కొత్త తాళంకప్ప, నిమ్మకాయలు మిరపకాయలు గుచ్చిన దండ ఉన్నాయి. వాటిని టీపాయ్ మీద పెట్టి, కొడుకు బండ్ల స్పేర్‌పార్ట్స్ షాపు పెట్టుకుంటాడని, కింది షట్టర్ ఎట్లాగూ ఖాళీగా ఉంది కాబట్టి ఈ రోజే మంచిరోజని తాళం తెచ్చానని చెప్పారు. అడగడానికి రాలేదు, వేసుకుపోవడానికి వచ్చారు. వాళ్లలో అది తప్పు కాదు. అన్నదమ్ముల మధ్య అడగడమే పరాయితనం.

అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. షాపు పేరు బోర్డు ఎంత పొడవు రాయించాలని ఒకరు, మెట్ల కింద బండి పెట్టుకోవచ్చని ఒకరు. మామయ్య "తీస్కో అన్నా, అది ఉత్తగనే ఉన్నది" అనబోతున్నట్టు నాకు తెలుస్తూనే ఉంది. మా ఆయన నా వైపు చూసి చూపు తిప్పుకున్నారు. ఆ తాళం షట్టర్‌కి పడితే నా బోర్డు మంచం వెనకే పుచ్చిపోతుంది, ఇంకో ఏడేళ్లు పప్పు బాగుందని చెప్పుకుంటూ కూర్చుంటాను. నాకు పెద్దమామయ్య మీద కోపం రాలేదు, నా మీదే వచ్చింది. నాలుగు నెలలు ఖాళీ కోసం చూసింది నేను కదా.

అప్పుడు అత్తయ్య అందుకుంది. ఆమె గొంతు లేస్తే మిగతా గొంతులు తగ్గుతాయి.

"షటర్ల సామానున్నది బావా. ఉల్లిగడ్డల బస్తా ఉన్నది, పాత మంచమున్నది, మంచమెనక ఒక బోర్డున్నది. కొత్త బోర్డు. నాలుగు నెలల సంది సూస్తున్న. ఆ బోర్డు గాడికెట్లొచ్చిందంటే…"

ఆమెకి తెలుసు. నాలుగు నెలలుగా తెలుసు. ఆమె నా వైపు చూడలేదు. మాట సాగదీస్తోంది, అంతే. ఎప్పుడూ ఒక్క ఉదుటున ముగించే మనిషి, బోర్డు ఏ రంగులో ఉందో, ఎంత వెడల్పుందో, దాని మీద దుమ్మెంత పేరుకుందో ఒక్కొక్కటే చెబుతోంది. ఆమె కావాలంటే ఆ మాట తానే ముగించగలదు. షట్టర్ నాకే ఇప్పించగలదు కూడా. అప్పుడది అత్తయ్య అడిగి ఇప్పించిన గది అవుతుంది, ఆమె మాట మీద ఆమె బావగారు వదులుకున్న గది అవుతుంది.

"ఆ బోర్డు నాదండీ పెద్దమామయ్యా," అన్నాను.

అత్తయ్య మాట సగంలో ఆగింది. నేను ఒక మనిషి మాట మధ్యలో మాట్లాడడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. మా పుట్టింట్లో కూడా మాట్లాడలేదు. పెద్దమామయ్య తాళం మీద నుంచి చెయ్యి తీశారు. నేను ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని తెలిసి, ఆగకుండా చెప్పుకుంటూ పోయాను. ట్యూషన్ సంగతి, కోచింగ్‌లో ఎవరూ తెరవని డబ్బా సంగతి, మన సందులోనే పదో తరగతి చదివే ఆడపిల్లలు ఎందరున్నారో ఆ సంగతి. పెద్దమామయ్య మధ్యలో అడ్డుకుని, చదువు చెప్పాలంటే మేడ మీద గది లేదా అన్నారు. ఇంట్లోకి మెట్లెక్కి రావడానికి పిల్లలు మొహమాటపడతారు, రోడ్డు మీదికి తలుపుంటే అడగడానికి లోపలికొస్తారు అన్నాను. మామయ్య ఏదో అన్నారు, ఆయన మాట మీదే నేను మాట్లాడాను.

అదంతా జరుగుతుండగా అత్తయ్య లేచింది. కొంగు దోపుకుని, ఒక్క మాటా అనకుండా, వంటింట్లోకి వెళ్లిపోయింది. మొదలుపెట్టిన దేన్నీ ముగించకుండా ఆమె లేవడం నేను చూడలేదు. బహుశా మామయ్య కూడా చూసి ఉండరు, ఆయన వంటింటి తలుపు వైపు, నా వైపు మార్చి మార్చి చూశారు. కాసేపటికి టీపాయ్ మీది తాళంకప్పని చేతిలోకి తీసుకుని బరువు చూసినట్టు చూశారు.

"తాళం మంచిదే తెచ్చినవ్ అన్నా. కోడలికియ్యి."

పెద్దమామయ్య గొణిగారు. కొడుక్కి చెప్పి తీసుకొచ్చాను కదా, వాడి మొహం ఎట్లా చూడాలన్నారు. చంపాపేట్ మెయిన్ రోడ్డులో తెలిసినవాళ్ల మలిగి, అంటే షాపు గది, ఒకటి ఖాళీ అవుతోందని, రేపే వెళ్లి చూద్దామని మామయ్య అన్నారు. మా ఆయన ఇప్పుడు ధైర్యం తెచ్చుకుని, బండి నేను తీస్తానన్నారు. పెద్దమామయ్య చివరికి తమ్ముడి చేతిలోంచి తాళం తీసుకుని నా చేతిలో పెట్టారు. దండ కూడా ఇచ్చారు. పిల్లలకి దిష్టి తగలకూడదన్నారు.

తాళం పట్టుకునే వంటింట్లోకి వెళ్లాను. అత్తయ్య స్టవ్ మీద ఛాయ్ నీళ్లు పెట్టి, బాగైన కుడిచేత్తో అల్లం దంచుతోంది. మీ మాట పూర్తి కానివ్వలేదు, ఏమనుకోకండి అత్తయ్యా అన్నాను. ఆమె వెనక్కి తిరగలేదు.

"జర లేటైంది. ఇంకొక్క మాటైతే నేనే చెప్పేస్తుంటి."

మరి నేను మాట్లాడుతుంటే మీరెందుకు లేచి వచ్చేశారని అడిగాను. అల్లం గిన్నెలో వేసి, చెయ్యి కొంగుకి తుడుచుకుంది.

"నువ్వొచ్చినంక నేనాడ ఎందుకు?"

నాకు ఏడుపొచ్చింది. ఆమె చూడలేదో, చూసి ఊరుకుందో. గ్లాసులు కడిగి ట్రేలో పెట్టి నా చేతికిచ్చింది. తాళంకప్ప ఉల్లిగడ్డల బుట్టలో పెట్టి, ట్రే పట్టుకుని హాల్లోకి వెళ్లాను. మలిగి ఎక్కడుందో, ఎంత లోపలికుందో, అక్కడ బండ్ల షాపు నడుస్తుందో లేదో నలుగురూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఎవరూ ఆగలేదు. ట్రే కింద పెట్టి నేనూ మొదలుపెట్టాను.